బెణుకే కదా అని వదిలేస్తే...

సైన్యం, పోలీసు ఉద్యోగాల కోసం పరుగెత్తే పిల్లలున్న ఇంట్లో ఎత్తు గురించి, ఛాతీ గురించి, తిండి గురించి మాట్లాడుకుంటారు. చీలమండ సంగతి మాత్రం అది వాచేదాకా ఎవరికీ గుర్తుకు రాదు. నిజానికి ఎవరి కాలు మడత పడే ముప్పు ఎక్కువో చాలావరకు ముందే చెప్పొచ్చు.

ములుగు జిల్లా ఏటూరునాగారం. ఒకవైపు గోదావరి, మిగతా దిక్కుల్లో అభయారణ్యం, మధ్యలోంచి ఛత్తీస్‌గఢ్ వైపు సాగిపోయే 163వ నంబరు జాతీయ రహదారి. నోటిఫికేషన్ పడిందంటే చాలు, ఇలాంటి ఊళ్లలో తెల్లవారుజామున రోడ్డు పక్కనా, కరకట్ట మీదా పరుగులు మొదలవుతాయి. పెద్ద పట్నాల్లోలా ఇక్కడ సింథటిక్ ట్రాక్ ఉండదు. తారు రోడ్డు అంచు, దాని పక్కన జారుడు మొరం, కట్ట మీద కంకర, పొలం గట్టు... దొరికిందే మైదానం. ఎండ ముదరకముందే అయిపోవాలని చీకట్లోనే బయల్దేరతారు. ఎదురుగా వచ్చే లారీ లైటు కళ్లలో పడిన ఆ రెండు క్షణాల్లో కాలి కింద ఏముందో కనిపించదు. పాదం లోపలికి మడత పడుతుంది. 'టక్'మన్న శబ్దం, ఆ వెంటనే ప్రాణం పోయినంత నొప్పి. పావుగంట కూర్చుని, కుంటుకుంటూ ఇంటికొచ్చి 'ఏం లేదమ్మా, కాలు కొంచెం బెణికింది' అంటాడు అబ్బాయి.

ఇక్కడి నుంచే అసలు కథ. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగుంటుంది. దాన్ని 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగిస్తే మొదటి గ్రూపు, పూర్తిగా 60 మార్కులు. 9 అడుగుల గొయ్యి దూకాలి. 2022 నోటిఫికేషన్ ప్రకారం తెలంగాణ పోలీసు పరీక్షలో అబ్బాయిలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. దాని తర్వాత లాంగ్‌జంప్, షాట్‌పుట్. వీటిలో ప్రతి అంశం భారం చివరికి చీలమండ మీదే పడుతుంది. ర్యాలీ ఏ రోజంటే ఆ రోజే. పైగా అగ్నివీర్‌కు పదిహేడున్నర ఏళ్లకు మొదలై కొద్ది ఏళ్లకే ముగిసిపోయే వయసు గడువు. అందుకే ఆ వయసు పిల్లాడికి బెణుకంటే వారం రోజుల నొప్పి మాత్రమే కాదు, ఒక్కోసారి ఒక ఏడాది మొత్తం పోయినట్టే.

కాలు ఎందుకు మడత పడుతుంది?

మీ పాదం పైన, బయటివైపు ఎముక గుబ్బను తడిమి చూడండి. లోపలివైపు గుబ్బ కంటే అది కాస్త కిందికి దిగి ఉంటుంది. అందువల్ల పాదం బయటికి తిరగడం కష్టం, లోపలికి మడత పడటం తేలిక. అలా మడత పడకుండా బయటివైపు మూడు లిగమెంట్లు తాళ్లలా పట్టి ఉంచుతాయి. వాటిలో ముందువైపు ఉన్నది బలహీనమైనది. చాలా బెణుకుల్లో మొదట సాగేదీ చిరిగేదీ అదే. వాపు బయటి గుబ్బకు ముందు, కింద కనిపించడానికి కారణం ఇదే.

తాళ్లు ఒక్కటే కాదు, కాపలాదారులు కూడా ఉన్నాయి. పిక్కకు బయటివైపు ఉండే కండరాలు పాదం అదుపు తప్పుతోందని తెలియగానే బిగుసుకుని దాన్ని నిటారుగా లాగుతాయి. ఆ కబురు అందించే నాడుల చివర్లు లిగమెంట్లలో, కీలు చుట్టూ ఉంటాయి. ఎక్కడ అడుగు పెట్టామో కళ్లతో చూడకుండానే మెదడుకు తెలిసేది వాటి వల్లే. ఈ విషయం గుర్తుంచుకోండి. కింద చెప్పబోయే చాలా సంగతులకు మూలం ఇదే.

మొదటి ప్రశ్న: ఇంతకుముందు ఎప్పుడైనా బెణికిందా?

చీలమండ గాయాల మీద లోకంలో అందరికంటే ఎక్కువగా లెక్కలు రాసుకున్నది సైన్యాలే. కారణం సులువు. వేలమంది ఒకే వయసువాళ్లు ఒకే తిండి తిని, ఒకే రకం బూట్లు వేసుకుని, ఒకే కసరత్తు చేస్తారు. ఎవరికి దెబ్బ తగిలిందో, ఎవరికి తగల్లేదో పోల్చి చూడటం తేలిక. 1991లో ప్రచురితమైన ఓ ఇజ్రాయెల్ అధ్యయనంలో 390 మంది పదాతిదళ రిక్రూట్లను శిక్షణ పొడవునా గమనించారు. వారిలో 18 శాతం మందికి, అంటే దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరికి, ప్రాథమిక శిక్షణ కాలంలోనే చీలమండ బయటివైపు బెణికింది. అంతకుముందు బెణికిన చరిత్ర ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఎక్కువగా కనిపించింది. బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల మీద జరిగిన ఆస్ట్రేలియా అధ్యయనంలోనూ ఇదే తేలింది. పాత గాయం ఉన్నవాళ్లకు మళ్లీ గాయమయ్యే అవకాశం దాదాపు ఐదు రెట్లు.

ఎందుకలా? లిగమెంటు అతుక్కుంటుంది గానీ, దాంతోపాటు దెబ్బతిన్న నాడుల కబురు వ్యవస్థ దానంతట అది మునుపటిలా అవదు. వాపు తగ్గింది, నొప్పి పోయింది, నడుస్తున్నాడు. అయినా పాదం వంకర పోతోందన్న కబురు ఒక్క క్షణం ఆలస్యంగా చేరుతుంది. నడిచేటప్పుడు ఆ ఆలస్యం తెలియదు. పరుగెత్తి పరుగెత్తి కాళ్లు అలసిపోయాక, గొయ్యి దూకి దిగినప్పుడు తెలుస్తుంది. 

మన ఇళ్లలో జరిగే పొరపాటు కూడా ఇక్కడే. నొప్పి పోవడాన్నే నయం కావడం అనుకుంటాం. రెండేళ్ల కిందట కబడ్డీలో బెణికిన కాలు గురించి ఎవరూ మాట్లాడరు, పిల్లాడు కూడా చెప్పడు. అందుకే మీ అబ్బాయి గానీ, అమ్మాయి గానీ పరుగు సాధన మొదలుపెడుతున్నారంటే కొత్త బూట్లు కొనే ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి: 'ఇంతకుముందు ఏ కాలు బెణికింది? ఎన్నిసార్లు?' ఎత్తుపల్లాల్లో ఆ కాలు దానంతట అదే జారినట్టు, వదిలేసినట్టు అనిపిస్తోందంటే అది ఇంకా పూర్తిగా కోలుకోనట్టే.

ఒంటికాలి మీద నిలబెట్టి చూడండి. చేతులు నడుము మీద పెట్టుకుని అర నిమిషం. ఆ తర్వాత కళ్లు మూసుకుని. కళ్లు మూసుకుంటే ఎవరైనా కాస్త ఊగుతారు. కానీ ఒక కాలి మీద స్థిరంగా ఉండి, రెండో కాలి మీద వెంటనే పడిపోతుంటే ఆ రెండో కాలే మీరు చూసుకోవాల్సింది.

బిగుసుకున్న మడమ, బలం లేని ఊపిరి

మరో పరీక్ష గోడ దగ్గర. గోడకు ఎదురుగా నిలబడి, ఒక పాదాన్ని ముందుకు పెట్టి, మడమ నేల మీది నుంచి లేవకుండా మోకాలిని గోడకు ఆనించాలి. ఆనితే పాదాన్ని మరికాస్త వెనక్కి జరిపి మళ్లీ చూడాలి. బొటనవేలికీ గోడకూ మధ్య దూరం ఎంతవరకు పోతుందో స్కేలుతో కొలవండి. చాలామందికి 10 సెంటీమీటర్ల దాకా వస్తుంది. ఒక కాలికి 10, రెండో కాలికి 6 వచ్చిందంటే ఆ మడమ బిగుసుకుపోయి ఉందన్నమాట. పాత బెణుకు తర్వాత తరచూ మిగిలిపోయే గుర్తు ఇది.

ఇదేమీ చిన్న విషయం కాదు. 1998లో ఆస్ట్రేలియా సైన్యంలో 1093 మంది రిక్రూట్ల చీలమండ ఎంత వంగుతుందో కొలిచి, ఆ తర్వాత శిక్షణలో వాళ్లను గమనించారు. సగటు వాళ్లతో పోలిస్తే బాగా బిగుసుకున్న చీలమండ ఉన్నవాళ్లకు గాయాల ముప్పు రెండున్నర రెట్లు కనిపించింది. ఆ అధ్యయనంలో ఇంకో విచిత్రం ఉంది. పరుగుకు ముందు పిక్కల్ని సాగదీసే వ్యాయామం చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండేళ్ల తర్వాత 1538 మందితో మళ్లీ చేసి చూశారు. ఫలితం అదే. కాబట్టి పరుగుకు ముందు రెండు నిమిషాలు కాళ్లు చాచి 'వార్మప్ అయిపోయింది' అనుకుంటే అది మనసు తృప్తికే. బిగుసుకున్న మడమను వారాల తరబడి రోజూ కాస్త కాస్త వదులు చేసుకోవాలి. పరుగుకు ముందు మాత్రం వేగంగా నడక, మెల్లటి పరుగు, చిన్న చిన్న గెంతులు మేలు.

అదే రెండో అధ్యయనంలో అసలు బాంబు వేరే ఉంది. శిక్షణకు వచ్చేనాటికే అందరికంటే దమ్ము తక్కువ ఉన్నవాళ్లకు, అందరికంటే ఎక్కువ ఉన్నవాళ్లతో పోలిస్తే కాళ్ల గాయాల ముప్పు 14 రెట్లు! అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. ఒకే పరుగు ఒకడికి సగం శక్తితో అయిపోతుంది, ఇంకొకడికి ప్రాణం మీదికి వస్తుంది. అలసిన కండరం ఆలస్యంగా స్పందిస్తుంది. పైన చెప్పిన కాపలాదారులు నిద్రపోతారన్నమాట.

మన దగ్గర జరిగే తంతు చూడండి. ఏడాదంతా పుస్తకాలు, ఫోను. నోటిఫికేషన్ రాగానే పొద్దున ఐదు కిలోమీటర్లు, సాయంత్రం ఐదు కిలోమీటర్లు, ఆదివారం లాంగ్‌జంప్. మొదటి వారం పిక్కలు పట్టేస్తాయి, 'అలవాటవుతుందిలే' అంటారు. మూడో వారంలో ఏదో ఒకటి తెగుతుంది. అమెరికా సైనిక శిక్షణ కేంద్రాల్లో ఒకే రకం రిక్రూట్లను పోల్చి చూస్తే, ఎక్కువ మైళ్లు పరుగెత్తించిన జట్లలో గాయాలు పెరిగాయి గానీ పరుగు పరీక్ష ఫలితాలు మెరుగవలేదు. మన కోచింగ్ సెంటర్ల మాస్టార్లు ఈ ఒక్క మాట గోడకు రాసిపెట్టుకుంటే బాగుండు. 

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు వారంలో మూడు నాలుగు రోజుల పరుగు చాలు. మధ్య రోజుల్లో సైకిలు తొక్కడం, కాళ్లకు బలం వచ్చే కసరత్తులు చేసుకోవచ్చు. ఒక రోజు పూర్తి విశ్రాంతి. వేగం, దూరం రెండింటినీ ఒకే వారంలో పెంచొద్దు. దూకుడు సాధన పరుగుతో అలసిపోకముందే చేసి ముగించాలి. దూకి దిగే చోట మెత్తటి ఇసుక ఉండాలి. ఎండిన పొలంలో గీత గీసి నాలుగు మీటర్లు దూకడం చీలమండతో జూదమాడటమే.

అమ్మాయిల విషయంలో...

అమెరికా సైన్యం 1998 నుంచి 2006 వరకు తన సిబ్బంది వైద్య రికార్డులన్నీ తిరగేస్తే, చీలమండ బెణుకులు ఏటా ప్రతి వెయ్యి మందికి దాదాపు 35 తేలాయి. మగవాళ్ల కంటే మహిళల్లో 21 శాతం ఎక్కువ. శరీర నిర్మాణం, హార్మోన్లు, కండబలం... కారణాల మీద వాదనలు నడుస్తూనే ఉన్నాయి. మన ఊళ్ల సంగతికొస్తే వీటన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇంకొకటుందని నాకనిపిస్తుంది. అబ్బాయి చిన్నప్పటి నుంచి వీధిలో ఆడతాడు, పరుగెత్తుతాడు. అమ్మాయిని పదమూడో ఏట మైదానం నుంచి ఇంట్లోకి పిలిచేస్తాం. కానిస్టేబుల్ నోటిఫికేషన్ రాగానే రెండు నెలల్లో 800 మీటర్లు కొట్టమంటాం. చీకట్లో ఒంటరిగా పంపలేం కాబట్టి ఆ సాధన కూడా ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీదే. దమ్ము తక్కువ ఉన్నవాళ్లకే ముప్పు ఎక్కువని పైన చూశాం కదా! అమ్మాయికి ఉద్యోగం కావాలనుకుంటే నోటిఫికేషన్ కోసం చూడకండి, ఇంటర్ నుంచే పరుగెత్తనివ్వండి. తోడుగా అమ్మ కూడా నడిస్తే మరీ మంచిది.

బరువు, బూట్లు, గుట్టలు

ఇజ్రాయెల్ రిక్రూట్లలో బరువు, ఎత్తు ఎక్కువ ఉన్నవాళ్లకు బెణుకులు ఎక్కువ కనిపించాయి. అధిక బరువున్న అబ్బాయి ముందు కొన్ని వారాలు వేగంగా నడిచి, ఆ తర్వాత పరుగులోకి వెళ్లడం మేలు. సిగరెట్ తాగే రిక్రూట్లకు గాయాలు ఎక్కువని కూడా సైనిక అధ్యయనాలు పదే పదే చెప్పాయి.

బూట్ల గురించి తల్లిదండ్రులు ఎక్కువ కంగారుపడతారు. అంత అవసరం లేదు. ఇజ్రాయెల్ అధ్యయనంలోనే కొందరికి మామూలు సైనిక బూట్లు, కొందరికి ఎత్తు మడమ పట్టీ ఉన్న బాస్కెట్‌బాల్ బూట్లు ఇచ్చి చూస్తే బెణుకుల్లో తేడా రాలేదు. పాదం ఆకారాన్ని బట్టి ప్రత్యేకంగా బూట్లు ఎంచి ఇవ్వడం వల్ల గాయాలు తగ్గుతాయా అని అమెరికా సైన్యం కూడా చూసింది, తగ్గలేదు. కాబట్టి అప్పు చేసి ఖరీదైన బూట్లు కొనక్కర్లేదు. పాదానికి సరిపోయి, మడమ దగ్గర కదలకుండా పట్టి ఉంటే చాలు. కానీ అడుగు ఒకవైపు అరిగిపోయిన బూటు మాత్రం పారేయండి. బల్ల మీద పెట్టి వెనక నుంచి చూస్తే అది ఎటు ఒరిగిందో తెలిసిపోతుంది. ఆ ఒరుగుడే పాదాన్నీ అటు తోస్తుంది.

రోడ్డు సంగతి కూడా అంతే. వాన నీళ్లు పోవడానికి తారు రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచుల్లో వాలుగా వేస్తారు. రోజూ ఒకే అంచున పరుగెత్తితే ఒక కాలు ఎప్పుడూ వాలులోనే పడుతుంది. చదునైన బడి మైదానం ఉంటే అక్కడికే వెళ్లడం మంచిది. ముందురోజు వెలుతురులో ఒకసారి నడిచి గుంతలు, రాళ్లు చూసుకోవాలి. చీకట్లో తలకు కట్టుకునే చిన్న లైటు ఉంటే రెండు విధాలా రక్షణ, మీకు దారి కనిపిస్తుంది, లారీకి మీరు కనిపిస్తారు. 

ఉద్యోగం వచ్చాక ఈ ముప్పు తీరిపోతుందా? లేదు, రూపం మారుతుంది. ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట వంతెన మీదుగా గోదావరి అవతలికి వెళితే వాజేడు, వెంకటాపురం. ఆపైన ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వెంట కర్రెగుట్టలు. 2025 ఏప్రిల్, మే నెలల్లో మండుటెండల్లో భద్రతా బలగాలు 21 రోజులపాటు గాలింపు జరిపింది ఆ గుట్టల మీదే. తుపాకీ, నీళ్లు, తిండి, మందుగుండు వీపున మోస్తూ రాళ్ల వాలు దిగడమంటే ఏమిటో ఊహించుకోండి. వీపు మీద బరువు పెరిగితే శరీర సమతుల్యం పైకి, వెనక్కి జరుగుతుంది. పాదం కాస్త వంకరగా పడినా సరిచేసుకునే వ్యవధి తగ్గిపోతుంది. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు, పొద్దున కంటే సాయంత్రం అలసిపోయాక ముప్పు ఎక్కువ. సెలవు మీద ఇంటికొచ్చిన జవాను కుంటుతుంటే 'డ్యూటీలో మామూలే' అన్న మాటతో సరిపెట్టుకోకండి. అడవిలో తిరిగే బీట్ ఆఫీసర్లకు కూడా ఇదంతా వర్తిస్తుంది.

పారాచూట్‌తో దూకే సైనికుల మీద అమెరికాలో 1998లో వచ్చిన అధ్యయనం ఒకటి ఇక్కడ ప్రస్తావించాలి. 745 మందిలో సగం మందికి బూటు మీద నుంచి గట్టి చీలమండ పట్టీ వేశారు. పట్టీ లేనివాళ్లలో 1.9 శాతం మందికి పాదం లోపలికి మడత పడి బెణికితే, పట్టీ ఉన్నవాళ్లలో అది 0.3 శాతమే. పాత బెణుకు ఉన్న పిల్లలు సాధన సమయంలో తాడుతో బిగించుకునే చీలమండ పట్టీ వాడటం మంచిది. మందుల షాపులో దొరికే సాగే గుడ్డ తొడుగు వేరు, అది వెచ్చగా ఉంటుంది తప్ప ఆపేదేమీ ఉండదు.

బెణికిన మొదటి మూడు రోజులు

ఇప్పుడు అబ్బాయి కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. అమ్మమ్మ సున్నం, బెల్లం కలిపి పట్టు వేస్తానంటుంది. పక్కింటాయన మర్దన చేసేవాడి దగ్గరికి తీసుకెళ్తానంటాడు. ఇంకెవరో పుత్తూరు కట్టు పేరెత్తుతారు. అందరిదీ ప్రేమే. అయినా మొదటి మూడు రోజులు వద్దని చెప్పాల్సినవి ఇవే: మర్దన, వేడి కాపడం, లాగి 'సరిచేయడం', మద్యం. అన్నీ లోపలి రక్తస్రావాన్ని, వాపును పెంచుతాయి. ఎముక విరిగి ఉంటే లాగడం వల్ల ముక్కలు పక్కకు జరగొచ్చు. వాపు పెరిగే రోజుల్లో బద్దలు పెట్టి బిగించి కడితే రక్త ప్రసారమే ఆగే ప్రమాదం ఉంది. వేళ్లు చల్లబడ్డా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఏ కట్టునైనా వెంటనే విప్పేయాలి.

చేయాల్సింది తేలికైనదే. కాలిని గుండె కంటే ఎత్తులో దిండ్ల మీద పెట్టి పడుకోబెట్టండి. వేళ్ల దగ్గర మొదలుపెట్టి పిక్క కింది దాకా క్రేప్ బ్యాండేజీ చుట్టండి, మరీ బిగుతు వద్దు. ఐసును తువ్వాలులో చుట్టి పది పదిహేను నిమిషాల చొప్పున రోజుకు కొన్నిసార్లు పెడితే నొప్పి ఉపశమిస్తుంది. అదేదో గాయాన్ని మాన్పుతుందని మాత్రం అనుకోకండి. 1978లో విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అనే సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ స్వయంగా తర్వాతి కాలంలో ఐసు, పూర్తి విశ్రాంతి కోలుకోవడాన్ని ఆలస్యం చేయొచ్చని మాట మార్చుకున్నారు. నెల రోజులు మంచం మీద ఉంచక్కర్లేదు. రెండు మూడు రోజులు దాటాక, నొప్పి ఓర్చుకోగలిగినంత మేర పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, మెల్లగా అడుగులు వేయడం మొదలుపెట్టాలి.

ఎక్స్‌రే కావాలా వద్దా అన్నది తేల్చడానికి కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో ఒక పద్ధతి చెప్పారు. ప్రపంచమంతటా అత్యవసర విభాగాల్లో వాడుతున్నారు. దెబ్బ తగిలిన వెంటనే, ఆ తర్వాత ఆసుపత్రిలో కూడా నాలుగు అడుగులు వేయలేకపోతున్నాడా? చీలమండ రెండు వైపులా ఉన్న ఎముక గుబ్బల వెనక అంచున, కొసన నొక్కితే విపరీతమైన నొప్పి ఉందా? చిటికెన వేలు వైపు పాదం మధ్యలో ఉబ్బెత్తుగా తగిలే ఎముక మీద, లేదా లోపలివైపు పాదం వంపు పైన ఉండే ఎముక మీద నొక్కితే నొప్పి ఉందా? వీటిలో ఒక్కటి ఉన్నా ఎక్స్‌రే తీయించాల్సిందే. ఏదీ లేకపోతే విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. పదిహేడేళ్ల లోపు పిల్లల్లో ఎముక చివర ఎదిగే పొర ఇంకా మూసుకుని ఉండకపోవచ్చు. కాబట్టి వాళ్ల విషయంలో అనుమానం ఉంటే ఎముకల డాక్టరుకు చూపించడమే నయం. పాదం బయటికి తిరిగి, నొప్పి చీలమండకు పైన, రెండు ఎముకల మధ్య ఉంటే అది మామూలు బెణుకు కాదు, కోలుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది.

'ఇరవై రోజుల్లో ర్యాలీ ఉంది డాక్టర్!'

ప్రతి ఎముకల డాక్టరూ వినే మాట ఇది. నిజాయతీగా చెప్పాలంటే, లిగమెంటు కొద్దిగా సాగిన తేలికపాటి బెణుకైతే రెండు వారాల్లో మెల్లటి పరుగులోకి రావచ్చు. కొంత చిరిగితే మూడు నుంచి ఆరు వారాలు. పూర్తిగా తెగితే రెండు మూడు నెలలు. చాలామందికి ఆపరేషన్ అవసరం పడదు, కానీ సమయం పడుతుంది.

ఇరవై రోజుల్లో వెళ్లాలా మానాలా అన్నది తారీఖు చూసి కాదు, కాలు చూసి తేల్చుకోవాలి. అరగంట వేగంగా నడిస్తే నొప్పి, వాపు రాకూడదు. ఒంటికాలి మునివేళ్ల మీద లేవడం రెండు కాళ్లకూ సమానంగా రావాలి. ఒంటికాలి మీద ముందుకు, పక్కకు గెంతితే తడబడకూడదు. తర్వాత చదును నేల మీద మెల్లటి పరుగు, ఆపై వేగం, ఆపై మలుపులు. దూకుడు అన్నిటికంటే చివర. ఏ మెట్టు దగ్గర మర్నాటికి వాపు వచ్చినా ఒక మెట్టు వెనక్కి రావాలి. 

నొప్పి మాత్ర వేసుకుని, లేదంటే మైదానం బయట ఎవరో ఇచ్చే ఇంజెక్షన్ చేయించుకుని పరుగెత్తే పిల్లలున్నారు. నొప్పి తెలియనంత మాత్రాన కాలికి బలం రాదు, ఆపమని చెప్పే గొంతు మాత్రం మూగబోతుంది. సాగిన లిగమెంటుతో గొయ్యి దూకి అది పూర్తిగా తెగితే ఈ ర్యాలీతోపాటు వచ్చేదీ పోతుంది. ఆ పూట 'పోనీలే నాన్నా, వచ్చేసారి' అనగలిగేది ఇంట్లోవాళ్లే. ఊళ్లో అందరూ ఏమనుకుంటారో అన్న బెంగ పిల్లాడికి నొప్పి కంటే పెద్దది.

మడత పడకుండానే నొప్పి వస్తే

ఇంకో రకం ఉంది. ఏ దెబ్బా తగలదు. వారాలుగా పరుగెత్తుతుంటే చీలమండ పైన గానీ, పాదం మధ్యలో గానీ వేలితో చూపించగలిగేంత చిన్న చోట నొప్పి మొదలవుతుంది. మొదట పరుగు చివర్లో, తర్వాత పరుగు మొదట్లోనే, ఆఖరికి రాత్రి పడుకున్నా. ఇది ఎముకలో సన్నటి పగులు కావొచ్చు. 1855లోనే ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైతౌప్ట్ కవాతు చేసే సైనికుల పాదాల్లో ఈ బాధను గుర్తించి రాశాడు, అందుకే దీనికి 'మార్చ్ ఫ్రాక్చర్' అన్న పేరు స్థిరపడింది. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. 'ఎక్స్‌రే బాగానే ఉంది, పరుగెత్తు' అని తోసేయకండి. పొట్ట మాడ్చుకుని బరువు తగ్గే పిల్లల్లో, నెలసరి క్రమం తప్పిన అమ్మాయిల్లో, విటమిన్-డి తక్కువ ఉన్నవాళ్లలో దీని ముప్పు ఎక్కువ.

పళ్లు తోముకునేటప్పుడు చేసే వ్యాయామం

పాత బెణుకు ఉన్నవాళ్లకు అన్నిటికంటే బాగా రుజువైన ఉపాయం పైసా ఖర్చు లేనిది. 2009లో నెదర్లాండ్స్‌లో, అప్పుడే చీలమండ బెణికి కోలుకున్న 522 మంది ఆటగాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టు మామూలు చికిత్సతో సరిపెట్టుకుంది. రెండో జట్టు ఎనిమిది వారాలపాటు, వారానికి మూడుసార్లు ఇంట్లోనే సమతుల్య వ్యాయామాలు చేసింది. ఏడాది తిరిగేసరికి మొదటి జట్టులో 33 శాతం మందికి మళ్లీ బెణికింది, రెండో జట్టులో 22 శాతం మందికి. నాడుల కబురు వ్యవస్థ దానంతట అది బాగుపడదని చెప్పుకున్నాం కదా, దానికి మళ్లీ పాఠం చెప్పడమే ఈ వ్యాయామం.

మీ ఇంట్లో ఇలా మొదలుపెట్టొచ్చు. మొదటి రెండు వారాలు పొద్దున పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడటం, రెండు కాళ్లతోనూ. మూడో వారం నుంచి కళ్లు మూసుకుని. పడిపోకుండా గోడ దగ్గరే. అది తేలికయ్యాక మడత పెట్టిన బొంత మీద, దిండు మీద నిలబడి. ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబడి తమ్ముడు విసిరిన బంతిని పట్టుకోవడం. ఆఖరి వారాల్లో చిన్న గెంతు వేసి ఒంటికాలి మీద దిగి, మూడు లెక్కపెట్టేదాకా కదలకుండా ఉండటం. మధ్యలో రోజూ కాసేపు మునివేళ్ల మీద లేచి దిగడం, గోడ దగ్గర మోకాలి పరీక్షనే వ్యాయామంగా చేయడం. ఎనిమిది వారాలంటే రెండు నెలలు. నోటిఫికేషన్ పడ్డాక మొదలుపెడితే సరిపోకపోవచ్చు, ఈ వారమే మొదలుపెట్టిస్తే మంచిది.